నాంపల్లి దాకా నడిచి రమ్మన్న కాకా

అబిడ్స్‌లో కెమెరాలు బాగుచేసి అమ్మే కాకా ఇక లేరని పోయిన వారం తెలిసింది. బ్యాటరీ కొందామని వెళ్తే షట్టరు దించి ఉంది. పక్క గడియారాల దుకాణం ఆయన, "కాకా పోయిండమ్మా. పది రోజులాయె. నిద్రలనే," అన్నాడు. కాకా దుకాణం మెట్టు మీదే కూర్చున్నాను. ఒకచోట కాలు నిలవని నేను, ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

ఆయన నాకు చుట్టం కాదు. రెండేళ్ల కిందట పాత మిర్రర్‌లెస్ కెమెరా మార్చేద్దామని వెళ్తే పరిచయమయ్యారు. కాలేజీలో చేరినప్పుడు నాన్న కొనిచ్చిన బుల్లి కెమెరా అది. నాతో ఎన్నో ఊళ్లు తిరిగింది. కానీ మనిషి కదిలితే చాలు, ఫోకస్ దొరక్క తడుముకునేది. మా నాయనమ్మ నవ్వు అందులో ఒక్కటీ లేదు. కెమెరా కనబడగానే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది. ఆ కొంగు జారిన క్షణానికి నా కెమెరా ఎప్పుడూ అందుకోలేదు. ఎనభై దాటిన మనిషి. ఆ నెలాఖరున ఆమెను అరకు తీసుకెళ్తున్నాం. ఈసారైనా ఆ నవ్వు దొరకాలి.

"కొత్తది చూపించండి కాకా, జర తొందరగా."

"ఏంది బిడ్డా, రైలు పోతున్నదా?"

కాకాది ఒక పద్ధతి. పాత కెమెరా, కొనదలచిన కెమెరా రెండూ మెడలో వేసి పంపేవారు. నాంపల్లి స్టేషన్ దాకా నడిచి, రెంటితోనూ ఫోటోలు తీసి తేవాలి. తర్వాతే బేరం. నమ్మి ఎలా ఇస్తారంటే, "ఇంటోళ్ల ఫోటోలు దీసెటోడు యాడికి ఉరుకుతడు?" అనేవారు.

నేను నడవలేదు. సందు మొదట్లోనే నిలబడి పది నిమిషాల్లో ఇరవై ఫోటోలు కొట్టి, పక్కనే టీ తాగి వచ్చేశాను. కాకా కళ్లజోడు నుదుటి మీదికి తోసి ఒక్కొక్కటీ చూశారు.

"నాంపల్లి దాంక పోయొచ్చినవా?"

"ఔ కాకా."

"గట్లనా? మరి నీడలన్నీ ఒక్కతీరే ఉన్నయేంది? పొద్దు నీ కోసం ఆగిందా?"

నా మొహం చూసి నవ్వేశారు. "ఎవర్ని తీస్తవు నువ్వు?"

"నాయనమ్మని."

"రేపు ఆమెను తోల్కరా. ఆమెతోని నడువు."

మర్నాడు రెండు కెమెరాలూ మెడలో వేసుకుని నాయనమ్మతో నడిచాను. ఆమె పదడుగులకోసారి ఆగేది. నేనూ ఆగాల్సి వచ్చింది. స్టేషన్ ముందు జామకాయల బండి దగ్గర ఆమె బేరం మొదలుపెట్టింది.

"ఏవిటయ్యా ఆ ధర? చెట్టు కూడా ఇస్తావా ఏవిటి?"

"చెట్టు మా ఇంట్లుందమ్మా. పీక్కపోతవా?"

నాయనమ్మ పకపకా నవ్వింది. రెండు చేతుల నిండా జామకాయలు, కొంగు లాక్కోవడానికి చెయ్యి ఖాళీ లేదు. పాతది ఎత్తాను, తడుముకుంటూనే ఉంది. కొత్తది ఎత్తాను. దొరికింది.

కాకా ఆ ఫోటోను చాలాసేపు చూశారు. "ఇగ నీకు అమ్మొచ్చు," అన్నారు. కొత్త లెన్సు కూడా కావాలంటే ఒప్పుకోలేదు. "నీ పాతదే దీనికి పడ్తది, మంచిగుంది. పెద్దది మోస్తె ఎట్ల? అమ్మ చెయ్యి పట్టుకోనీకి నీకొక చెయ్యి ఖాళీ ఉండాలె." నాయనమ్మ మురిసిపోయి రెండు జామకాయలు ఆయన ముందు పెట్టింది. పాత లెన్సును కొత్త బాడీకి బిగించి, అలవాటు ప్రకారం తన ఎడమ అరచేతికే గురిపెట్టి పరీక్షగా ఒకటి నొక్కారు కాకా. "మోడల్ ఎప్పుడు దగ్గర్నే ఉంటది," అన్నారు.

అరకు వెళ్లొచ్చాం. నాయనమ్మ ఇప్పటికీ కొంగు అడ్డం పెట్టుకుంటుంది. ఇప్పుడు నేను ఆగుతాను. ఆ ఓపిక కెమెరాతో పాటు వచ్చింది కాదు.

ఇన్నిసార్లు వెళ్లాను, ఆయన ఫోటో ఒక్కటీ తీసుకోలేదే అని బాధపడుతూ నిన్న పాత మెమరీ కార్డు తెరిచాను. నాయనమ్మ నవ్వు తర్వాతి ఫోటో, ఆ రోజు కాకా పరీక్షగా నొక్కిందే. గీతగీతా తేటగా కాకా ఎడమ అరచెయ్యి, బొటనవేలి మీద నల్లటి నూనె మరక. అందులో ఒక జామకాయ, అప్పటికే ఒక ముక్క కొరికి ఉంది.