షట్టర్ ముందు నాలుగు ఆవగింజలు

దసరా పొద్దున నా గ్యారేజీ పూర్తయింది. గ్యారేజీ అంటే చెప్పుల డబ్బాలో పట్టేంతది! ఎండిన చెరుకు బద్దలతో దూలాలు, గీతల అట్టతో షట్టర్, లోపల అరచేతిలో ఇమిడే మూడు బొమ్మకార్లు. వేలితో ఎత్తగానే షట్టర్ సర్రున పైకి చుట్టుకుంది. ఇల్లంతా వినబడేలా కేక పెట్టాను.

వాకిట్లో నా బైకుకు పూజ చేస్తున్న అమ్మ పసుపు గిన్నెతోనే లోపలికి వచ్చింది.

"మరి గీ బండ్లకు పూజ జెయ్యవా?"

"వద్దమ్మా, రంగు కరాబైతది!" అని అరిచాను.

వింటే కదా! అగ్గిపుల్ల కొనతో మూడు కార్లకూ బొట్లు పెట్టింది. అంతటితో ఊరుకోలేదు. వంటింట్లోంచి నాలుగు ఆవగింజలు తెచ్చి, పసుపు నీళ్లలో ముంచి, ఎర్రకారు చక్రాల ముందు ఒక్కొక్కటి పెట్టింది. బైకు చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టినట్టే! ఆ కారుకు సరిగ్గా అంత చిన్న నిమ్మకాయలే కావాలి. ఇంత పని చేసిన నాకు అది తోచనే లేదు. కోపమంతా ఎగిరిపోయింది.

"ఇగ తోలు బిడ్డా," అంది.

కారును వేలితో గట్టిగా నొక్కి ముందుకు తోశాను. ఆవగింజలు చిట్‌చిట్‌మని చితికాయి.

కారు గ్యారేజీ గడప దాటి బయటికి వస్తుంటే, ఎదురుగా కూర్చున్న అమ్మ చీర కుచ్చిళ్లు దగ్గరికి లాక్కుని పక్కకు జరిగి దారి ఇచ్చింది.