మెల్లగా తొక్కితేనే తన్నే కారు

డిప్లొమా అయ్యాక చెన్నైలో ఒక కార్ల షెడ్డులో అప్రెంటిస్ చేసి గుడివాడ తిరిగొచ్చాను. అప్పటికి మా వైపు ఆటోమేటిక్ కారు చూసినవాళ్ళే తక్కువ. నాకు పనిచ్చిన షెడ్డు యజమానిని చుట్టరికం లేకపోయినా మావయ్యా అని పిలిచేవాణ్ణి. జీపు అయినా అంబాసిడరైనా చప్పుడు విని జబ్బు చెప్పగలిగే మనిషి. ఆయనకి అవనిగడ్డ నుంచి ఒక డాక్టరమ్మ గారు ఫోన్ చేశారు. కారు గేరు మారినప్పుడల్లా తంతోందట. క్లచ్ లేని బండి అనగానే మావయ్య రిసీవరు మీద చెయ్యి పెట్టి నావైపు చూశారు.

"చెన్నైలో ఏం నేర్చుకున్నావో చూద్దాం, వెళ్ళు. ఒక్కటి గుర్తుపెట్టుకో. గేర్ల పెట్టె విప్పకు. విప్పాక మళ్ళీ బిగించేవాడు ఈ జిల్లాలో లేడు."

శివరాత్రి వెళ్ళిన రోజులు. పులిగడ్డ అక్విడక్టు వంతెన దాటేసరికి బస్సులో ఉక్కపోత మొదలైంది. చూడాల్సినవన్నీ మనసులో వరసగా పేర్చుకుంటూ వెళ్ళాను. నూనె మట్టం, రంగు, వాసన. ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు వేగం. ఇంజన్ని పట్టి ఉంచే మౌంటింగులు. ఆ తర్వాతే రోడ్డు మీదకి. అలా వరస లేకపోతే నాకు చెయ్యి ఆడదు.

డాక్టరమ్మ గారికి చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. ఇనప పట్టీల బూటు వేసుకుని నడుస్తారు. డ్రైవర్లను పెట్టుకుంటే సరిగ్గా కాన్పు కబురొచ్చినప్పుడే కనబడేవారు కాదట. చివరికి హైదరాబాదులో ఎవరో వాడిన ఆటోమేటిక్ కారు తెప్పించుకుని, బందరులో ఒక ఖాళీ మైదానంలో తిప్పి తిప్పి నేర్చుకున్నారు. ఎడమ కాలితో పనిలేని కారు అది. దాంట్లో నాగాయలంక అవతలి ఊళ్ళ దాకా తానే వెళ్ళి గర్భిణులను చూసి వచ్చేవారు. ఆమె అన్నగారు రిటైరైన హెడ్మాస్టరు. ఆ ఇంట్లోనే ఉంటారు. కారులో చెల్లెలి పక్కన కూర్చున్నంతసేపూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటారని ఆమే చెప్పి నవ్వారు.

"రండి ఇంజనీరు గారూ," అన్నారు అన్నగారు. "రేపు పొద్దున లారీ వస్తోంది. బండిని విజయవాడ పంపేస్తున్నాం. గేర్‌బాక్స్ విప్పాల్సిందేనని అక్కడివాళ్ళు ఫోన్‌లోనే తేల్చేశారు."

"ఇంజనీరుని కాదండి, డిప్లొమా."

"ఏదైతేనేం, రేపటి దాకా మీదే రాజ్యం."

డాక్టరమ్మ గారు నవ్వలేదు. తాళం నా చేతిలో పెట్టి, "ఒకసారి విప్పితే ఈ కారు మళ్ళీ నా చేతికి రాదు బాబూ. సామాను దొరకలేదంటారు, నెలలు గడుస్తాయి. నాగాయలంక అవతలి గర్భిణులు నా దగ్గరికి రాలేరు. నేను బస్సు మెట్లెక్కలేను," అన్నారు. చెప్పాల్సింది అంతే అన్నట్టు కుర్చీలో కూర్చున్నారు.

ఇంజన్ వేడెక్కాక, తిరుగుతుండగానే నూనె మట్టం చూశాను. సరిగ్గా ఉంది. ఎర్రగా, తేటగా ఉంది. మాడు వాసన లేదు. లోపల పట్టీలు కాలిపోయిన పెట్టెలో నూనె నల్లబడి వాసనేస్తుంది. ఇంజన్ వేగం మామూలే. మౌంటింగుల్లో చీలిక లేదు.

"ఇంకా ఏమీ విప్పలేదేం?" అన్నారు అన్నగారు.

"విప్పకుండా చూడ్డానికే వచ్చానండి."

రోడ్డు మీదకి తీశాను. పక్కన డాక్టరమ్మ గారు, వెనక అన్నగారు. మెల్లగా తొక్కుతూ వెళ్తే కారు ఒకటో గేరులోనే మొండికేసింది. ఇంజన్ అరుస్తోంది. ఎప్పటికో రెండో గేరు పడింది, వీపు మీద గుద్దినట్టు. వెనకనుంచి "ప్రభువా" అని వినబడింది. మూడో గేరుకూ అంతే.

ఈసారి రోడ్డు ఖాళీగా ఉన్న చోట యాక్సిలరేటరు గట్టిగా తొక్కాను. అన్నగారు ముందు సీటు పట్టుకున్నారు. గేరు శుభ్రంగా మారింది. మొండికేయలేదు, తన్నలేదు. నమ్మకం కలగక మళ్ళీ చేశాను. అదే ఫలితం. గట్టిగా తొక్కితే మంచి కారు, మెల్లగా తొక్కితే తన్నే కారు.

పెట్టె లోపల పాడైతే గట్టిగా తొక్కినప్పుడే ఎక్కువ బయటపడాలి. ఇది తిరగబడి ఉంది. ఆ రకం పెట్టెకి మనం ఎంత తొక్కుతున్నామో చెప్పడానికి యాక్సిలరేటరు వైపు నుంచి ఒక కేబులు వస్తుంది. దాని కొస పెట్టె మీద ఒక చిన్న మీటకి తగిలించి ఉంటుంది. ఎక్కువ తొక్కితే మీట ఎక్కువ తిరుగుతుంది. అప్పుడు పెట్టె గేరు ఆలస్యంగా, గట్టిగా వేస్తుంది. బండి జోరులో అది తన్నుగా తెలియదు; మెల్లగా వెళ్ళేటప్పుడు అలా వేస్తేనే గుద్దినట్టుంటుంది. అంటే నేను మెల్లగా తొక్కుతున్నా ఆ మీట తిరిగే ఉందన్నమాట. జబ్బు లోపల లేకపోవచ్చు. ఆ మాట పైకి అనలేదు. చూడకుండా అనకూడదు.

ఇంటికి తెచ్చి, జాకీతో ఎత్తి, చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి కిందికి దూరాను. కేబులు పైకొస బాగానే ఆడుతోంది. కింది కొస కనబడటం లేదు. పెట్టెకీ కేబులును పట్టుకునే పట్టీకీ మధ్య ఎండు మొక్కలూ మట్టీ కలిసి అట్టకట్టి ఉన్నాయి. వేళ్ళతో పీకితే పొరలు పొరలుగా వచ్చింది. చివరి ముద్ద ఊడగానే మీట టక్కుమని వెనక్కి వాలింది. ఇన్నాళ్ళూ ఆ ముద్దే దాన్ని తిరిగినచోటే పట్టి ఉంచింది.

బయటికొచ్చి ఆ ముద్దను వరండా మీద పెట్టాను. ఎండు కాయలు, రెండు మూడు నల్లటి గింజలు.

"మినుములు!" అన్నారు అన్నగారు.

"తన్నడం మొదలయ్యే ముందు రోజు ఏం జరిగిందండి?" అని అడిగాను.

"ఏముంది, మామూలే. వెళ్ళాను, చూశాను, వచ్చాను," అన్నారు డాక్టరమ్మ గారు.

"దారిలో?"

"దారిలో ఏముంటుంది..." అని ఆగిపోయారు. నోటిమీద చెయ్యి వేసుకున్నారు. "అయ్యో! ఆ ముసలావిడ!"

మా వైపు వరి కోసిన చేలల్లో మినుము చల్లుతారు. పంట పీకాక ఎండిన మొక్కల్ని తారురోడ్డు మీద పరుస్తారు. బస్సులు, లారీలు తొక్కుకుంటూ పోతే కాయలు పగిలి గింజలు రాలతాయి. ఆ రోజు ఒక ముసలావిడ కారుకి అడ్డంగా నిలబడి, "డాక్టరమ్మా, పొద్దుట్నించి ఒక్క లారీ రాలేదు తల్లీ, నువ్వన్నా కాస్త తొక్కించిపో," అందట. ఆమె కూతురికి ఈవిడే పురుడు పోశారు. కాదనలేక మందంగా పరిచిన ఆ మొక్కల మీద ముందుకీ వెనక్కీ, మళ్ళీ ముందుకీ నడిపారు. లారీ ఎత్తుగా ఉంటుంది. కారు పొట్ట నేలకి దగ్గర. కిందికి దూరిన మొక్కలు, కాలవగట్టు తడి మట్టితో కలిసి ఎండకి బిగిసిపోయాయి.

"సైలెన్సరు వేడికి ఆ మొక్కలు నిప్పంటుకుని ఉంటే కారే మిగిలేది కాదండి," అన్నాను.

అన్నగారు చెల్లెలి వైపు తిరిగారు. "నూర్పిడి కూడా మొదలుపెట్టావన్నమాట. ఇంక నాట్లే మిగిలాయి."

ఆమె కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. "కడుపునొప్పితో వచ్చినవాళ్ళని నిన్న ఏం తిన్నారంటే, మామూలేనండి అంటారు. అక్కడే ఉంటుంది అసలు సంగతి. పాతికేళ్ళుగా వాళ్ళని విసుక్కుంటున్నాను. చూడు, నేనూ అదే చెప్పాను."

ఆ మాట నాకు మిగిలిపోయింది. ఈనాటికీ బండి తెచ్చినవాళ్ళని ముందు రోజు గురించి అడుగుతాను. మామూలే అంటే, ఆ మామూలు ఏమిటో మొదటినుంచీ చెప్పించుకుంటాను. చెన్నైలో నాకు మీటలూ కేబుళ్ళూ నేర్పారు. ఈ ప్రశ్న విలువ ఆమె ఇచ్చిన పాఠం. పేరు లేని కుర్రాణ్ణి నమ్మి, లారీ ఎక్కించే ముందు ఒక పూట ఆగడం కూడా ఆమె నాకిచ్చిందే.

మీటకీ కేబులుకీ పట్టిన మట్టి కడిగి, బిగువు సరిచేశాను. మళ్ళీ ముగ్గురం బయల్దేరాం. ఈసారి ఆమే నడిపారు. నాగాయలంక రోడ్డు మలుపు దగ్గర కారు ఆపి, ఇంజన్ ఆపకుండానే, "మీరిద్దరూ దిగండి," అన్నారు.

"ఏం?" అన్నారు అన్నగారు.

"నాలుగు రోజులుగా ఆ ఊళ్ళ గర్భిణులు ఎదురుచూస్తున్నారు. నువ్వు ఆ లారీవాడికి వద్దని చెప్పు. అబ్బాయికి భోజనం పెట్టి పంపించు."

దిగాం. అన్నగారు కిటికీలోకి వంగి, "ఎవరు అడిగినా మినుముల మీద మాత్రం నడపకు," అని అరిచారు. కారు కదిలింది. రెండో గేరు ఎప్పుడు పడుతుందా అని చెవులు రిక్కించి నిలబడ్డాను. కారు కాలవ వంతెన ఎక్కి దిగిపోయింది. గేరు ఎక్కడ మారిందో నాకు తెలియనే లేదు.