నాలుగో భాగం

పాత పుస్తకానికి వేసిన మైదా జిగురు వాసన తగిలితే, డెబ్బైల చివర నంద్యాలలో ఉండిన అద్దె పుస్తకాల షాపు గుర్తొస్తుంది. మా అన్న ఆళ్లగడ్డ నుంచి బస్సులో వెళ్లి అక్కడ అంతరిక్ష నౌక నవలలు తెచ్చేవాడు. మూడో భాగంలో నౌక కెప్టెన్ చనిపోయాడు. ఐదో భాగంలో ఆయనే కూర్చుని టీ తాగుతున్నాడు. నాలుగో భాగం మాకు దొరకలేదు.

"ఎట్ల బతికినాడన్నా?" అని అడిగాను.

"నాలుగో దాంట్లో ఉంటాదిలే. తల తినాకు."

ఆ వేసవిలో అన్న కామెర్లతో పోయాడు. చనిపోయినవాళ్లు మళ్లీ లేస్తారని సమాధి దగ్గర పాస్టరుగారు చెప్పారు. ఎలా లేస్తారో చెప్పలేదు. అది నాలుగో భాగంలో ఉంటుందని నాకు తెలుసు. రెండు నెలలు పోరుపెట్టి నాయనను నంద్యాల తీసుకెళ్లాను.

షాపు సాయిబు నవ్వాడు. "నాలుగోది లేనే లేదు పాపా. మూడు తర్వాత ఐదని అచ్చేసినారు. కెప్టెను సచ్చిన సంగతి రాసేటోడే మర్చిపోయినాడు."

అన్న పోయాక నేను మొదటిసారి ఏడ్చింది అక్కడే. పుస్తకం కోసమనుకున్నాడు నాయన. "ఇంకోటి తీసుకోమ్మా, ఏదైనా తీసుకో" అని బతిమాలాడు. ఆయన కొడుకు పోయి కూడా రెండు నెలలేనని నాకప్పుడు తోచలేదు.