చెవి అడిగిన పెద్దమ్మ

నా చిన్నప్పుడు మా ఊళ్ళో జీవాలంటే గొర్రెలూ మేకలే. ఉదయగిరి కొండకు ఈవల ఉన్న మెట్ట ఊరు మాది. వాన పడితే పంట, పడకపోతే జీవాలే దిక్కు. నాలుగైదు ఇళ్ళవాళ్ళు తమ జీవాలను ఒకే మందగా కలిపి ఒక కాపరికి అప్పగించేవాళ్ళు. పొద్దున తోలుకుపోయినవాడు సాయంత్రం అన్నిటినీ తెచ్చి అప్పజెప్పాలి. అడవిలో ఏ జీవమైనా చస్తే దాని చెవి కోసి తెచ్చి ఆసామికి చూపాలి. చెవి మీద ఆ ఇంటి గాటు ఉంటుంది కనుక మోసానికి వీల్లేదు. చెవి తేలేనివాడు నలుగురిలో నిలబడి జవాబు చెప్పుకోవాలి. ఇది మా ఊరి పిల్లలకు కూడా తెలిసిన ధర్మం.

శ్రీలంకకు పోయిన మన సైన్యం తిరిగొచ్చిన ఏడు, 1990 ఎండాకాలంలో, మా ఎదురింటి మామ ఇంటికొచ్చాడు. అతనూ పై వీధి పెద్దమ్మ కొడుకూ కలిసి మిలిటరీలో చేరారు, కలిసే లంకకు పోయారు. పెద్దమ్మ కొడుకు అక్కడే చనిపోయాడు. దహనం అక్కడే చేశామని కబురొచ్చింది, తర్వాత ఒక రేకు పెట్టె వచ్చింది. పెద్దమ్మ అందులోని బట్టలు చూసి, ఇవి నా బిడ్డవేనని నాకెవరు చెప్తారని పెట్టె మూసేసింది.

మామ వేరే మనిషయ్యి వచ్చాడు. లంకలో మట్టి కింద మందుపాతరలుండేవట, ఇక్కడ వీధిలో నడిచినా ఎవరో నడిచిపోయిన అడుగుల్లోనే అడుగు వేసేవాడు. దారి పక్కనున్న మట్టి మీద కాలు పెట్టేవాడు కాదు. ఒకసారి మేం పిల్లలం ఖాళీ డబ్బాను తన్నుకుంటూ ఆడుతుంటే పరిగెత్తుకొచ్చి, మమ్మల్ని నేలమీదికి తోసి మా మీద అడ్డంగా పడుకున్నాడు. డబ్బా దొర్లుకుంటూ పోయి గోడకు తగిలి ఆగింది. అతను మాత్రం చాలాసేపు లేవలేదు. ఆ తర్వాత పెద్దవాళ్ళు మమ్మల్ని అటు పోనివ్వలేదు.

ఊరు అతన్ని ఊరికే వదిలిందా? ఎందుకు పోయారు, ఏం సాధించుకొచ్చారు, ఎంతమందిని కాల్చావు అని అరుగుల మీద కూర్చున్నవాళ్ళంతా ఆరాలు తీశారు. మాట్లాడేవాళ్ళకేం, నరం లేని నాలుక. వాటన్నిటినీ ఓర్చుకున్నాడు గానీ, బావి దగ్గర పెద్దమ్మ ఎదురై అడిగిన మాటను ఓర్చుకోలేకపోయాడు.

"నా బిడ్డ చెవి ఏదిరా?" అన్నదామె.

ఆనాటి నుంచి మామ అన్నం మానేశాడు. గడపలో కూర్చుని తన చేతులు తనే చూసుకునేవాడు. వాళ్ళమ్మ ఇంట్లో ఉన్న పురుగుల మందు డబ్బాను కొంగు చాటున తెచ్చి, దాచిపెట్టమని మా అవ్వ చేతికిచ్చింది. అవ్వ దాన్ని అటక మీద మూలకు తోసింది. ఎదురింట్లో చిన్న చప్పుడైనా మా అమ్మ చేతిలో గరిటె ఆగిపోయేది. మామ ఏ పొద్దున లేవకుండా ఉంటాడోనని మా రెండిళ్ళూ భయంభయంగా తెల్లవార్చాయి.

సరిగ్గా అప్పుడే ఒక నాయకుడు వస్తున్నాడని జీపులో మైకు అరుచుకుంటూ పోయింది. వీరజవానుకు సన్మానమట. లంకకు సైన్యాన్ని పంపడం మంచి పనేనని మామ నోటితో పలికించాలని వాళ్ళ ఏర్పాటు. మామ రానన్నాడు. అయినా నలుగురు మనుషులొచ్చి రెక్క పట్టుకుని తీసుకుపోయారు.

మా అవ్వ నన్ను వెంటబెట్టుకుని నేరుగా పెద్దమ్మ ఇంటికి పోయింది. మెత్తగా చెప్పడం ఆమెకు చేతకాదు.

"పక్కన మేసిన జీవాన్ని చెవి అడిగితివే, ఎక్కడన్నా ఉండాదా ఈ ధర్మం? తోలకపోయినోణ్ణి గదా అడగాల" అంది.

పెద్దమ్మ లేచి ముఖం కడుక్కుంది. మా అవ్వ వెంట బయలుదేరింది.

సభ బడి ముందర. కొడుకును పోగొట్టుకున్న తల్లి అయ్యగారికి దండ వేస్తానంటున్నదని మా అవ్వ అక్కడి కార్యకర్తలకు ఎంతో వినయంగా చెప్పింది. ఆమె వినయం చూసేసరికే ఏదో జరగబోతోందని నాకు తెలిసిపోయింది. వాళ్ళు మాత్రం సంబరపడి పెద్దమ్మను వేదిక ఎక్కించారు. లంకకు మేమే పంపినామని అప్పటిదాకా గొప్పగా చెబుతున్న నాయకుడు, మైకు ముందు నిలబడే దండ కోసం మెడ వంచాడు.

పెద్దమ్మ దండను చేతిలోనే ఉంచుకుంది. "మీరే పంపినామంటిరి గదయ్యా. మా జీవాన్ని తోలకపోయింది మీరైతే, చెవి ఏదీ?"

నాయకుడికి అర్థం కాలేదు. పక్కనున్నవాడు గుసగుసగా వివరించాక వంచిన మెడ లేచింది. అది ఢిల్లీలో చేసిన నిర్ణయమమ్మా, మా చేతుల్లో లేదు అన్నాడు. గొప్పయితే తమది, చావయితే ఢిల్లీది.

"అయితే ఢిల్లీని అడిగొచ్చి చెప్పయ్యా. మేం యాడికీ పోము" అంది మా అవ్వ కిందనుంచి.

జనం కదలకుండా అతన్నే చూస్తూ నిలబడ్డారు. ఆకు కదలని ఆ ఎండలో అంతమంది మౌనం నాకు దయ్యాల కథలకన్నా భయం పుట్టించింది. నాయకుడు తొందరగా జీపెక్కాడు.

పెద్దమ్మ దండను బల్ల మీద పెట్టి, వేదిక మీదే ఒక కుర్చీలో కూర్చోబెట్టిన మామ దగ్గరికి పోయింది. అతను లేచి నిలబడ్డాడు. "అడగరానోణ్ణి అడిగినాను నాయనా. ఇంటికి రా, అన్నం తిందువు" అంది. మామ ఆ పూట ఆమె చేతి అన్నం తిన్నాడు. మెల్లగా మనుషుల్లో పడ్డాడు. మందు డబ్బాను మాత్రం మా అవ్వ చాన్నాళ్ళు తిరిగివ్వలేదు. మర్నాడు ఎవరెవరో వచ్చి, ముసలిదాన్ని అదుపులో పెట్టుకోమని మా నాయనను బెదిరించి పోయారు. కొన్నాళ్ళపాటు జీపు చప్పుడైతే మేం తలుపు వేసుకునేవాళ్ళం.

జవాబు రాలేదు. ఓట్లకు ఎవరొచ్చినా పెద్దమ్మ అదే అడిగేది, మామ ఆమె పక్కన నిలబడేవాడు. అలా అడుగుతూనే ఆమె కన్నుమూసింది. కొడుకులా పాడె మోసింది మామే.

ఇప్పుడు నేను ఆత్మకూరులో ఉంటున్నాను. మా వీధికి సెలవు మీద వచ్చే మిలిటరీ పిల్లలను, తిన్నావా నాయనా అని తప్ప ఇంకేం అడగను. యుద్ధం సంగతి దండాలు పెట్టుకుంటూ ఓట్లకొచ్చేవాళ్ళను అడుగుతాను. అడగ్గానే ఆ జోడించిన చేతులు మెల్లగా విడిపోతాయి. వాళ్ళు పక్కింటికి పోతారు. నేను వాకిట్లోనే నిలబడి ఉంటాను.