లేవమనే మాట

ఆర్మూర్ పసుపు మార్కెట్లో సువర్ణను పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ ఆమె ‘మిల్ట్రీ అంగి’. పసుపు కొమ్ములు ఏరే ఆడవాళ్లంతా దుమ్ము పడకుండా చీర మీద మొగుడి పాత చొక్కానో, అన్న చొక్కానో తొడుక్కుంటారు. సువర్ణ తొడుక్కునేది మొగుడు రాజం పట్టాళంలో వేసుకున్న ఆకుపచ్చ చొక్కా. రెండు సీజన్ల పసుపు పట్టి అది ఇప్పుడు ఏ రంగో దేవుడికే తెలియాలి.

రాజం పదిహేడేళ్లు సైన్యంలో ఒకటే పని చేశాడు. కుక్క గొలుసు పట్టుకుని అందరికంటే ముందు నడిచాడు. చివరి ఆరేళ్లు ఆయన గొలుసుకు ఉన్న కుక్క పేరు సితార. నల్ల లాబ్రడార్. బాంబు వాసన తగిలితే అది మొరగదు, గోకదు. చప్పుడు చేయకుండా కూర్చుంటుంది, అంతే. కాశ్మీర్‌లో ఒకసారి రోడ్డు కింది తూము ముందు అలాగే కూర్చుంది. వెనకవాళ్లు తొందరపెడుతున్నారని రాజం గొలుసు లాగాడు. అది లేవలేదు. తిట్టి మళ్లీ లాగాడు. అయినా లేవలేదు. తవ్వితే ఏం బయటపడిందో రాజం ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు గానీ, ఆ రోజు తన వెనక పదకొండు మంది ఉన్నారని మాత్రం వంద సార్లు చెప్పాడు.

సితార కంటే ముందే ఆయన రిటైరై ఇంటికొచ్చాడు. రెండేళ్లకు సితార కూడా పని చాలించిందని కబురొచ్చింది. మనిషి రిటైరైతే పింఛను ఉంటుంది, కుక్కకేముంటుంది? ఒకప్పుడైతే సూదిమందేనని, ఇప్పుడు కావాలన్నవాళ్లకు కాగితం రాయించుకుని ఇస్తున్నారని రాజం చెప్పాడు. మూడు రైళ్లు మారి పోయాడు. చచ్చేదాకా సాకుతానని సంతకం పెట్టి తీసుకొచ్చాడు.

"గిది నా పానం నిలవెట్టింది. దీని పానం నా చేతులనే పోవాలె" అన్నాడు.

సువర్ణ కాదనలేదు. కాదనడానికేముంది, మనిషి కళ్లెదురుగా ఉన్నాడు, కుక్క ఆయన కాళ్ల దగ్గర ఉంది.

ఎనిమిది నెలలు తిరిగేసరికి ఆయన కువైట్ పోయాడు.

కారణం ఇల్లు. పెర్కిట్ శివారులో కొనుక్కున్న జాగాలో ఎనిమిది పిల్లర్లు లేచి, ఆపైన పని ఆగిపోయింది. పిల్లర్ల నెత్తిన ఇనుప చువ్వలు తుప్పు పడుతున్నాయి. "స్లాబు వడంగనే వస్త" అన్నాడు రాజం. బస్సు మెట్టెక్కి, వెనక్కి తిరిగి, అరచేయి చూపించి "నువ్వుండు" అన్నాడు. ఆమె ఉంది. ఇప్పటికి రెండేళ్లు దాటింది.

ఉండటమంటే ఎలాగో వినండి. నీలవ్వ ఇంటి వెనక ఒక్క గది అద్దెకు. తెల్లారకముందే లేచి సితారను బయటికి తిప్పాలి. దాని తుంటి కీళ్లు పట్టేశాయి కాబట్టి వంద అడుగులకు పావుగంట పడుతుంది. అన్నం కలిపి, మాత్ర నూరి పెట్టాలి. ఇంకెవరి చేతి ముద్దా ముట్టదు, పట్టాళంలో అలా నేర్పారట. మోర్తాడ్‌లో తమ్ముడి కూతురి పెళ్లికి పోయిన సువర్ణ తలంబ్రాలు పడకముందే బస్సెక్కి తిరిగొచ్చింది. కుక్క ఆకలితో ఉంటుంది మరి. గొలుసు ఒక కొస సితార మెడకు ఉంటే రెండో కొస తన కాలికి ఉందని ఆమెకు ఎన్నోసార్లు అనిపించింది. రాజం రోజూ ఫోన్ చేస్తాడు. చేయగానే అడిగేది, "సితార మంచిగున్నదా?" ఆ తర్వాతే "నువ్వు తిన్నవా?" కోపం రాదా? వచ్చేది. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు కుక్క గిన్నె విసిరికొట్టేది. అది తల దించుకుంటే మళ్లీ తనే సిగ్గుపడి గిన్నె తీసుకొచ్చి పెట్టేది.

ఇలా ఎన్నాళ్లు సాగేదో గానీ, మధ్యలో నీలవ్వ సామాన్ల గది వచ్చిపడింది. పోయిన దీపావళికి మిగిలిన పటాకులు నీలవ్వ ఒక డబ్బాలో పెట్టి ఆ గదిలో దాచింది. ఒకరోజు సువర్ణ గొలుసు విప్పి వాకిలి ఊడుస్తుంటే సితార మెల్లగా నడిచివెళ్లి ఆ గది తలుపు ముందు కూర్చుంది. ముసలిదైనా ముక్కు ముసలిది కాలేదు. పిలిస్తే రాదు, లాగితే కదలదు. పొద్దంతా అలాగే ఉంది. ఈ కుక్క కూర్చుంటే అర్థమేమిటో రాజం పుణ్యమా అని వాడకంతా తెలుసు. పది మంది పోగయ్యారు. నీలవ్వ ఇంట్లో ఏముందని గుసగుసలు మొదలయ్యాయి. చివరికి డబ్బా బయటికి తెచ్చి అందరి ముందూ తెరిచి చూపించాల్సి వచ్చింది. నీలవ్వ మొహం ఎర్రబడింది.

"నన్ను టెర్రరిస్టును జేసింది గదనే నీ కుక్క! అమాస లోపల అదన్న వోవాలె, నువ్వన్న వోవాలె" అంది.

సువర్ణ మూడు చోట్ల ఇల్లు అడిగింది. ఒక్కతివేనా అన్నారు, ఊరుకున్నారు. కుక్క ఉందా అన్నారు, తలుపేశారు. రాజంతో చెబితే "జర సముదాయించు" అన్నాడు. కువైట్లో కూర్చుని సముదాయించమనడం తేలికే. అమావాస్య ఇక మూడు రోజుల్లో ఉందనగా ఆమె మనసు రాయి చేసుకుంది.

షేర్ ఆటో నడిపే భూమయ్యతో నందిపేట్ వైపు వేరే సవారీ లేకుండా కిరాయి మాట్లాడుకుని, సితారను ఎక్కించింది. అటు అన్నీ పొలాలు, కల్లాలు. ఇది పసుపు ఉడకబెట్టి ఆరబెట్టే కాలం, మనుషులుంటారు, ఏదో ఒక ముద్ద దొరక్కపోదు, కడుపు కాలితే ఎవరు పెట్టినా తినకపోదు. వీధికుక్కలు బతకడం లేదా అనుకుంది. అక్కడే పొరపాటు పడింది. వీధికుక్కకు ఎవరూ ఏ మాటా నేర్పలేదు, అందుకే అది బతుకుతుంది.

రోడ్డు పక్కన ఒక కల్లం దగ్గర దిగి గొలుసు విప్పింది. ఆటో వైపు తిరిగి నడుస్తుంటే వెనక కుంటుకుంటూ వస్తున్న చప్పుడు. గిరుక్కున తిరిగి, అరచేయి చూపించి "ఉండు!" అని అరిచింది. ఎవరైనా అదే అంటారు కదా. సితార అక్కడికక్కడే కూర్చుంది. వీపు నిటారుగా, చెవులు నిక్కబొడుచుకుని, ఆమె కళ్లలోకే చూస్తూ. ఇంత సులువా అని సువర్ణ ఆశ్చర్యపోయింది. ఆటోలో వెనక్కి చూడకూడదనుకుంది, రెండుసార్లు చూసింది.

ఆ సాయంత్రం రాజం అడిగితే "మంచిగనే ఉన్నది" అని చెప్పింది. గది వెడల్పుగా ఉంది. ఇన్నాళ్లూ కోరుకున్నది ఇదే. అయినా అన్నం కంచం పక్కకు జరిపేసింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం భూమయ్య ఆటో మార్కెట్ గేటు దగ్గరే వదిలేసి పసుపు కుప్పల మధ్య ఉరుక్కుంటూ వచ్చాడు.

"అక్కా, నీ కుక్క నిన్న కూసున్న కాడనే కూసున్నది. లేస్త లేదు!"

"లేవకపోవుడేంది?"

"ఆడ లొల్లి లొల్లి అయితుంది. అది మిల్ట్రీ కుక్కని, బాంబు వాసన తగిలితేనే గట్ల కూసుంటదని ఎవలో చెప్పిండ్రట. కల్లం తుకారాం పటేలుది. తన పసుపు కుప్ప కింద బాంబున్నదని గాయన పనోళ్లను అందర్ని ఎల్లగొట్టిండు. రాళ్లిసిరిండ్రు, కదలలే. ఇగ పోలీసోళ్లను విలుస్తమంటుండ్రు."

ఆ చెప్పిన ‘ఎవలో’ భూమయ్యేనని అతని మొహమే చెప్పింది. దాని సంగతి తర్వాత చూసుకోవచ్చు.

"నీళ్లు వెట్టిండ్రా?"

"దూరంకెల్లి గిన్నె తోసిండ్రు. లేస్తెనే అందుతది. లేస్త లేదు."

సువర్ణ ఒంటి మీది చొక్కా కూడా విప్పకుండా ఆటో ఎక్కింది.

ఎండ మండిపోతోంది. కల్లానికి యాభై గజాల దూరంలో జనం గుంపుగా నిలబడ్డారు. ఎర్రగా ఎండుతున్న పసుపు కుప్ప ముందు సితార ఒక్కతే ఉంది. ముందుకాళ్లు గడగడ వణుకుతున్నాయి. నాలుక పక్కకు వేలాడుతోంది. చుట్టూ రాళ్లు పడి ఉన్నాయి, చెవి దగ్గర నెత్తురు గడ్డకట్టింది. వీపు మాత్రం ఇంకా నిటారుగానే ఉంది. ఒక రాత్రి, ఒక పగలు. ఇది నేను చేసిన పనే అనుకుంది సువర్ణ.

"రా సితారా. లే. లేవే, నీ కాల్మొక్త" అంది.

అది కళ్లు మాత్రమే తిప్పింది. సువర్ణ గొలుసు తగిలించి లాగింది. లేవలేదు. మళ్లీ లాగబోయి ఆగిపోయింది. కాశ్మీర్ తూము గుర్తొచ్చింది. నిన్న తను చూపించిన అరచేయి గుర్తొచ్చింది. అక్కడే చతికిలబడి రాజానికి ఫోన్ కలిపి, ఏమీ దాచకుండా అంతా చెప్పేసింది. తిడతాడనుకుంది.

"చెయ్యి జూపి ఉండు అన్నవా?" అన్నాడు రాజం.

"అన్న."

"గట్లంటె అది లేవది. నేను మర్లొచ్చి మాట జెప్పేదాంక లేవొద్దని నేనే నేర్పిన. సచ్చినా లేవది, సువర్ణా. జర స్పీకర్ వెట్టు."

పెట్టింది. రాజం ఏదో పిలిచాడు. సితార చెవులు కదిలాయి. రోడ్డు వైపు చూసింది, ఆటో వైపు చూసింది, ముక్కు పైకెత్తి గాలి పీల్చింది. ఆ మనిషి వాసన లేదు. మళ్లీ ఎదురుగా చూస్తూ ఉండిపోయింది. దానికి వాసన లేని గొంతు గొంతే కాదు.

"నువ్వే అనాలె" అన్నాడు రాజం.

"ఏమనాలె?"

"ఇంటికి. గంతే. డ్యూటీ అయినంక నేను గట్లనే అంటుంటి. ఆడ ఇల్లేడిది, టెంటే. నా తృప్తికి నేను అనుకుంటుంటి."

నిజం చెప్పాలంటే సువర్ణ కుక్కను లేపడానికి వచ్చింది గానీ తీసుకుపోవడానికి రాలేదు. లేపి, నీళ్లు తాగించి, ఇక్కడే ఏ రైతుకో అప్పజెబుదామని దారంతా అనుకుంటూ వచ్చింది. లేపాలంటే అనాల్సిన మాట ఇదా! ఆ మాట అని, ఆ తర్వాత ఏ మొహంతో వదిలి పోతుంది? నీలవ్వ గేటు కళ్లముందు కనబడింది. ఎటు చూసినా దారి లేదు. ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా, అంత మంది చూస్తుండగానే.

మోకాళ్ల మీద ముందుకు జరిగింది. సితార మూతి ఆమె చొక్కా చేతికి తగిలింది. పసుపు, చెమట, వాటి కింద ఎక్కడో పదిహేడేళ్లు పట్టాళంలో తిరిగిన రాజం వాసన. అది గట్టిగా ఊపిరి పీల్చింది.

"ఇంటికి" అంది సువర్ణ.

సితార లేవబోయింది. వెనక్కాళ్లు నిలవలేదు, పడిపోయింది. మళ్లీ లేచింది, మళ్లీ పడింది. సువర్ణ పొట్ట కింద చేతులు పెట్టి ఎత్తింది. నిలబడగానే గిన్నెలో మూతి పెట్టి ఆగకుండా తాగింది. తాగి, తడి మూతితోనే వచ్చి ఆమె మోకాలికి ఆనుకుంది.

తుకారాం భయం భయంగా నాలుగడుగులు వేశాడు. "అమ్మా, బాంబు..."

"బాంబు లేదు గీంబు లేదు, పటేలా. నేను ఉండుమని పోయిన. అది ఉన్నది."

ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. "లేసిందా?" అని రాజం అడుగుతూనే ఉన్నాడు.

"లేసింది" అంది. తర్వాత ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకుని, మెల్లగా, "ఇంటికి" అంది.

"ఆఁ, తీస్కవో."

"దానికి గాదు. నీకంటున్న."

ఆటో హారన్ కొట్టి భూమయ్య తొందరపెట్టాడు.

"నువ్వంటె లేసేటట్టు లేను, సువర్ణా" అన్నాడు రాజం. "పాస్‌పోర్టు నన్ను పనిల వెట్టుకున్న కఫీలు కాడ ఉన్నది. గా మాట ఆయన అనాలె."

ఆటో ఎక్కాక "ఏడికి అక్కా? నీలవ్వ ఇంటికేనా?" అని భూమయ్య అడిగాడు. సువర్ణ కాదంది.

ఇప్పుడు పెర్కిట్ శివారులో ఆ ఎనిమిది పిల్లర్లలో నాలుగింటి మధ్య రేకులు కప్పి ఉన్నాయి. పగలు లోపల కొలిమి. వానొస్తే మాట వినబడదు. సువర్ణ మార్కెట్ నుంచి వచ్చేసరికి సితార వాకిట్లో రోడ్డు వైపు చూస్తూ ఉంటుంది. రోజూ సాయంత్రం రాజం ఫోన్ చేస్తాడు, ఆమె స్పీకర్ పెట్టి కుక్క తల మీద చెయ్యేసి "ఇంటికి" అంటుంది. సితార లేచి, కుంటుకుంటూ రేకుల కిందికి పోతుంది. అవతల రాజం కూడా వింటాడు. ఆయన ఇంకా కూర్చునే ఉన్నాడు.