లస్మయ్య జిగురులో అనసూయ పటిక

అనసూయ కోపం ఊరికే వచ్చింది కాదు. మా రాజురా వైపు కరువు ఏడాది గొర్రెల మందను ఒంటిచేత్తో కాచి నిలబెట్టింది ఆమె. బడికి రేకులు వేయించే దాకా తాలూకా ఆఫీసు ముందు బైఠాయించింది ఆమె. ఇంటింటా చిరిగిన పుస్తకాలు అతికిస్తున్న జిగురూ ఆమెదే. కానీ ఊరంతా దాన్ని 'లస్మయ్య జిగురు' అనేది.

లస్మయ్య ఆమె మొగుడు. గొంగళ్లు నేస్తాడు. నేసిన గొంగడికి చింతగింజల గంజి పట్టించడం వాళ్ల ఇళ్లలో రివాజు. గనుల పక్క ఊరు, నీళ్లలో బొగ్గు మసి తేలుతుంది. బిందెలో పటిక తిప్పనిదే ఎవరూ తాగరు. ఓ పొద్దున అనసూయ పటికగడ్డను బిందెలోనే మరిచిపోయి, అది కరిగిన నీళ్లతో గంజి కాచింది. ఎండాక గొంగడి చెక్కలా బిగుసుకుంది.

"కండ్లు కనబడ్తలేవా? నా కష్టమంత నాశనం జేసినవ్!" లస్మయ్య వాడంతా వినేలా తిట్టాడు.

ఆ మంటతోనే ఆమె మిగిలిన గంజిని మనవరాలి పుస్తకం అట్టకు పూసింది. వానలో తడిసినా అట్ట ఊడలేదు. ఆనాటి నుంచి జిగురును పటిక వేసే కాచింది. ఇరుగుపొరుగు గిన్నెలు పట్టుకొచ్చారు. నింపేది అనసూయ, అరుగు మీద కూర్చుని "నా ఉపాయం" అనేది లస్మయ్య.

మొన్న వానల్లో, పిల్లలకు చేసి చూపమని బడి నుంచి విద్య టీచర్ అతణ్నే పిలిచింది.

"తిట్లు నాకు, పేరు నీకా? పిల్లల ముంగట నా పేరు జెప్తవా లేదా?" అనసూయ నిలదీసింది.

"గంజి కాసినందుకు గూడ పేరేందే?"

"గట్లనా! పో, నువ్వే కాసుకో."

లస్మయ్య బడిలోని ఫిల్టరు నీళ్లతో ఉత్త చింతగింజల గంజి కాచాడు. పిల్లలు వరండా గోడకు బొమ్మలు అతికించారు. అతను తన గొప్పలు ఎత్తుకున్నాడో లేదో, జల్లు కొట్టింది. బొమ్మలన్నీ జారిపడ్డాయి.

"తాతా, నీ జిగురు ఉరుకుతున్నది!"

పిల్లలు నవ్వారు. గుమ్మంలో నిలబడ్డ అనసూయ నవ్వలేదు. ఆమెకు ఒళ్లు మండింది. "గిన్నెల ఏమున్నదో ఒక్కనాడన్న సూడకనే నీదంటివా?"

"ఏం తక్కువైందే?" అతను గొణిగాడు.

"ముందు పేరు జెప్పు. నాకు గాదు, పిల్లలకు."

లస్మయ్య తల దించుకుని పిల్లల వైపు తిరిగాడు. "గీ జిగురు... మా అనసూయ జేసింది. పొరపాటున."

"పొరపాటు గూడ నాదే." కొంగు ముడి విప్పి పటికను పొయ్యి మీద ఇంకా ఉడుకుతున్న గిన్నెలో విసిరి, గరిటె అతని చేతిలో కుక్కింది. "కలుపు. రెక్కలు గుంజేదాక కలుపు."