వినేవాళ్లు యాడికీ పోరు

పోయిన మంగళవారం పొద్దున మా మేనమామ కన్నుమూశాడు. ముదలియార్‌పేటలో మా వీధిలో మేడ మీద కేబుల్ చానల్ నడిపినాయన అంటే పుదుచ్చేరిలో పాతవాళ్లు కొందరైనా గుర్తుపడతారు. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను. కోపం అడ్డొచ్చి నాలుగు రోజులు కలం కదల్లేదు. ఇప్పుడూ ఆ కోపంతోనే రాస్తున్నాను, చదివేవాళ్లు మన్నించాలి.

మొదట్లో ఆయన దగ్గర ఉన్నవి ఒక డిష్, ఒక వీసీఆర్, నాలుగు వైరు చుట్టలు. సాయంత్రం సినిమా వేస్తే మా వీధి చూసేది. మెల్లగా వైరు ముదలియార్‌పేటంతా పాకింది. ఆ తర్వాత విల్లియనూరు, కాలాపేట కేబుల్ వాళ్లు కూడా ఆయన చానల్ తీసుకున్నారు. అప్పుడే ఆయనకు తెలుగు పిచ్చి పట్టింది. రోజూ ఆరున్నరకు అరగంట తెలుగు ఉండి తీరాలన్నాడు. మా వాళ్లం ఇళ్లలో తెలుగే మాట్లాడతాం గానీ చదవడం చాలామందికి రాదు, మామకూ రాదు. అమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకున్న పాపానికి నేను దొరికిపోయాను. డిగ్రీ అయిన ఏడాదే, అత్తది నీలం దుప్పటి ఒకటి గోడకు కట్టి, నన్ను దాని ముందు కూర్చోబెట్టాడు.

ఊళ్లో పెళ్లిళ్లు, కరెంటు ఉండని వేళలు, చివర్లో ఒక కథ చదివేదాన్ని. మామ కెమెరా వెనక కళ్లు మూసుకుని వినేవాడు. నేను గబగబా చదివితే వేలెత్తేవాడు.

"నిదానంగా చదువు పాపా. వినేవాళ్లు యాడికీ పోరు."

ఇవాళ బడిలో యాభైమంది పిల్లల ముందు తడబడకుండా నిలబడుతున్నానంటే అది ఆ వేలు పెట్టిన భిక్షే. కాదనను.

వారానికోసారి జామకాయలు తెచ్చి నా ఒళ్లో పోసేవాడు. "విల్లియనూరు అవ్వ ఇచ్చి పంపింది పాపా. నీ కథ వినకుంటే ఆమెకు అన్నం దిగదంట." కాలాపేటలో సముద్రం పక్కింట్లో కాళ్లు పడిపోయిన పెద్దాయన ఒకడున్నాడని, నేను కనబడితే లేచి కూర్చుంటాడని చెప్పేవాడు. నేను ఉబ్బి తబ్బిబ్బయ్యేదాన్ని. బజారుకు పోతే ఎవరైనా గుర్తుపడతారేమోనని జుట్టు సర్దుకునేదాన్ని. ఒక్కరూ పలకరించేవాళ్లు కారు. జనానికి మొహమాటం అనుకున్నాను. వేరే పేటల్లో ఉన్న బంధువులు 'మాకు నువ్వు రావట్లేదే' అంటే, వాళ్ల కేబుల్ వాడు వేరేలే అని మామ కొట్టిపారేసేవాడు. నేనూ నమ్మాను.

మూడో ఏట హైదరాబాదులో ఒక టీవీ వాళ్లు వార్తలు చదవడానికి రమ్మన్నారు. ఉత్తరం పట్టుకుని మేడెక్కాను. మామ వైరు చుట్ట చుడుతూనే అన్నాడు.

"ఏంది పాపా, నువ్వు పోతే ఆ పెద్దాయన ఎవుర్ని చూస్తాడు? పావం, అవ్వకి నేనేమని చెప్పేది?"

నేను పోలేదు. అక్కడ పదిమందిలో ఒకదాన్నవుతాను, ఇక్కడ ఊరంతా నాదే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇంకో ఏడాదికి సెట్‌టాప్ బాక్సులు వచ్చాయి, మామ చానల్ మూతపడింది. హైదరాబాదు వాళ్లు మళ్లీ పిలవలేదు.

మామ పోయిన మర్నాడు, ఆయన దగ్గర మొదటినుంచీ లైన్లు లాగినాయన వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నాడు. నేను కాఫీ ఇచ్చి అడిగాను.

"విల్లియనూరు అవ్వకి కబురు చెప్పాలి అన్నా. ఇల్లు చూపిస్తావా?"

ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. "ఆ అవ్వ లేదమ్మా."

"అయ్యో, ఎప్పుడు పోయింది?"

"పోయేదానికి అసల్ ఉంటే గదమ్మా."

తర్వాత అంతా చెప్పాడు. మొదటి నెలకే విల్లియనూరు వాళ్లు, కాలాపేట వాళ్లు తెలుగు వద్దన్నారట. పాటలు వెయ్యకపోతే చానల్ మానేస్తామన్నారట. మామ మా వీధి వైరును విడదీసి, ఆరున్నరకు ఊరికంతా పాటలు వేసి, నన్ను మా వీధికి మాత్రం పంపాడు. నాలుగేళ్లు నేను పద్నాలుగు ఇళ్లకు చదివాను. జామకాయలు పెద్ద మార్కెట్లో కొన్నవి.

"చెప్తా చెప్తా అనేవాడమ్మా. నీ మొగం చూస్తే నోరు రాలేదు."

నోరు రాకపోతే పోనీ. ఉత్తరం చూపించిన రోజైనా రావాలి కదా! ఆ ఒక్కరోజు నిజం చెప్పుంటే నేను మర్నాడే రైలెక్కేదాన్ని. మా వీధి అవ్వలు టీవీలో తమ మాట విని ముసిముసిగా నవ్వుకోవడం నేను చూశాను, ఆ పద్నాలుగు ఇళ్లు నాకు తక్కువేమీ కావు. కానీ జ్వరంతో గొంతు పూడుకుపోయిన రోజు కూడా ఆ కాళ్లు పడిపోయిన పెద్దాయన కోసమని చదివానే, లేని మనిషిని చూపించి నన్ను కట్టేశాడే, దాన్ని మాత్రం మింగలేకపోతున్నాను. తిడదామంటే మనిషి లేడు.

లైన్ల అన్న లేచి, రమ్మని వీధి చివరికి తీసుకుపోయాడు. ఆఖరి స్తంభానికి పెద్ద వైరు చుట్ట ఒకటి వేలాడుతోంది.

"పక్క వీధికి లాగేదానికని మామ అప్పుడే వదలమన్నాడు. ఒకో వీధిగా నిన్ను ఊరంతా తీసకపోతానన్నాడమ్మా."

ఆ వైరులో ఏళ్లుగా ఏమీ రావడం లేదు. ఎండకు పైతోలు పగిలి తెల్లబడిపోయింది. కొసకు మాత్రం వాన నీళ్లు దిగకుండా ప్లాస్టిక్ కవరు చుట్టి దారంతో కట్టి ఉంది. కవరు కొత్తది.

"ఇది ఈ ఏడు కట్టిందే. వానలకు ముందర నన్ను నిచ్చెన పట్టుకోమని తానే ఎక్కినాడు" అన్నాడు. "ఈ వైరు విప్పేసేదా అమ్మా?" అని అడిగాడు.

గాలికి ఆ కవరు చిన్నగా చప్పుడు చేస్తూ ఉంది.